అడవి ప్రాణిని ఇంట కట్టివేయుట ధర్మమా?



మన పత్రికలో విత్తనములు, ఎరువులు, అప్పులు, వాయిదాలు, ధరవరలు వీనిని గూర్చియే తఱచుగా వ్రాయుచుండుట పరిపాటి. ఈ మాసము వేఱొక సంగతిని మీ విచారణకై యుంచుచున్నాము. ఇది సంఘము పద్దులలో నెక్కునది కాదు. అయినను మన చేలలోను, మన గడపలలోను జరుగుచునే యున్నది. వేరుసెనగ చాళ్లలో దొరకిన జింకపిల్లను ఇంటికి దెచ్చి గుంజకు కట్టుట, తొఱ్ఱలోని చిలుకపిల్లలను తీసి పంజరమున నుంచుట, తొలకరి వానలకు వెలికివచ్చిన నక్షత్ర తాబేటిని ఐశ్వర్యము కలుగునని నమ్మి గాదెక్రింద దాచుట, ఇట్టివి కర్నూలు, కడప జిల్లాల పల్లెలలో నెఱుగనివా రుండరు.

వీనిని చేయువారు క్రూరులు కారు. పెక్కుమంది దయతోను, ముచ్చటతోను చేయుదురు. “మేము దానిని కొట్టలేదు, తిట్టలేదు, మా బిడ్డలతో సమానముగా పెంచుకొంటిమి” అని వారు చెప్పు మాట నిజమే. కావుననే ఈ సంగతి విచారింపదగి యున్నది. దయగల రైతు దయతోనే చేసిన పని యా ప్రాణికి మేలా, కీడా యని యడుగుటయే ఈ వ్యాసోద్దేశము.

ఎద్దునకును జింకకును గల భేదము

“మనము ఎద్దును కట్టివేయుట లేదా? ఆవును పితుకుట లేదా? అట్లయిన జింకను కట్టివేసినచో దోష మేమి?” అని యొకరు ప్రశ్నింపవచ్చును. ఈ ప్రశ్నకు సమాధానము మన నేలలోనే యున్నది.

దక్కను పీఠభూమి యందు బళ్లారి, అనంతపురము, పాలమూరు ప్రాంతములలో బూడిదదిబ్బలు కలవు. పూర్వకాలమున ఇవి రాక్షసుల బూడిదయనియు, యజ్ఞముల బూడిదయనియు జనులు చెప్పుకొనుచుండిరి. 1957వ సంవత్సరమున ఆల్చిన్ అను పురాతత్త్వవేత్త పాలమూరు ప్రాంతపు ఉట్నూరు దిబ్బను త్రవ్వి చూచెను. అచ్చట దడి కట్టిన పశువుల దొడ్ల యానవాళ్లును, పశువుల గిట్టల ముద్రలును బయల్పడెను. ఆ బూడిద వేఱేమియు గాదు. దొడ్డిలో పోగైన పేడ కాలగా మిగిలిన బూడిద. అనంతపురము జిల్లా పాలవాయి యందును అట్టి దిబ్బయే కలదు. మన సీమలో నాలుగైదు వేల యేండ్ల నాడే రైతు ఆవును దొడ్డిలో కట్టి, మేపి, కాచుచుండె నని ఇవి సాక్ష్యమిచ్చుచున్నవి.

ఇన్నివేల యేండ్లలో ఎద్దు మాఱినది, మనుష్యుడును మాఱినాడు. ఏ కోడె నెమ్మదియైనదో దానినే విత్తనమునకు నిలుపుచు, ఏ ఆవు పాలిచ్చునో దాని దూడనే పెంచుచు వచ్చిరి. నేటి ఎద్దు అడవిలో విడిచిన బ్రదుకుట కష్టము. పలుపు విప్పినను సందెవేళకు తన గాటిపాటకే తిరిగివచ్చును. అందులకు బదులుగా రైతు దానికి ఋణపడి యున్నాడు. కఱవు వచ్చినపుడు తాను పస్తుండియైనను జొన్నచొప్ప సంపాదించి వేయును. కనుమనాడు కడిగి, కొమ్ములకు రంగు పూసి మ్రొక్కును. ఇది యిరువురును తరతరములుగా పాటించిన యొడంబడిక.

జింక ఈ యొడంబడికలో లేదు. చిలుక లేదు. తాబేలు లేదు. అవి మనవలన ఏమియు కోరలేదు, మనకు ఏమియు మాట యియ్యలేదు. వాని దేహము, వాని భయము, వాని యాకలి యన్నియు బయలునకు తగినట్లుగా నేర్పడినవి. ఒక జింకపిల్లను కట్టివేసినంత మాత్రమున దాని జాతిలోని వేల యేండ్ల స్వభావము పోదు. మచ్చికయగుట వేఱు, మచ్చిక జాతి యగుట వేఱు. ఆ పిల్ల మనచేతి గడ్డి తినవచ్చును. కాని కుక్క మొఱిగినప్పుడెల్ల దాని గుండె యదరుచునే యుండును.

జింకపిల్ల అనాథ కాదు

కర్నూలు పడమటి తాలూకాల నల్లరేగడి బయళ్లలోను, ఇప్పుడు నంద్యాల జిల్లాలో చేరిన రోళ్లపాడు పరిసరములలోను కృష్ణజింకలు మందలు మందలుగా తిరుగుట మీ రెఱుగుదురు. శనగ మొలకెత్తిన నాటినుండి రైతునకు వానితో పోరాటమే. ఆ మందలలో నీనిన తల్లి యేమి చేయునో మాత్రము మనలో ననేకులు గమనింపలేదు.

జింక యీనిన వెంటనే పిల్లను తనవెంట త్రిప్పుకొనదు. గడ్డిలోనో, పైరుచాళ్లలోనో పండుకొనబెట్టి తాను దూరముగా పోయి మేయుచుండును. తల్లి దగ్గఱనే నిలిచి యుండినచో తోడేలునకును, నక్కకును, కుక్కకును పిల్ల జాడ తెలియును. కావున నది దూరమున నుండియే కనిపెట్టుచు, నడుమ నడుమ వచ్చి పాలిచ్చి మరల తొలగిపోవును. పిల్ల మనుష్యుని యలికిడి విన్నను లేవక, నేలకు కఱచుకొని కదలక యుండును. కలుపు తీయుచున్న కూలీలకు నట్టి పిల్ల కనబడగానే “అయ్యో, తల్లి విడిచి పోయినది” అని జాలిపడి యెత్తుకొని వత్తురు. నిజమునకు తల్లి విడువలేదు. మనమే తల్లినుండి విడదీసితిమి.

ఈ పంక్తులు వ్రాయువాని బాల్యమున నిట్లే యొక జింకపిల్ల మాయింటికి వచ్చెను. వేరుసెనగలో దొరకినదని సేద్యగాడు ఎత్తుకొని వచ్చెను. మా నాయన దయగలవాడు. పందిరిక్రింద చల్లనిచోట గడ్డి పఱపించి, బఱ్ఱెపాలలో నీరు కలిపి గుడ్డవత్తితో త్రాగించెను. ఊరిలోని పిల్లలమందఱము దాని చుట్టు మూగితిమి. మూడవనాటికి దానికి విరేచనములు పట్టెను. అయిదవనాడు తెల్లవాఱునప్పటికి చచ్చి పడియుండెను. అంతకంటె నాకు జ్ఞాపకమున్న దేమనగా, ఆ దినములలో నొక యాడుజింక ప్రతి సాయంకాలమును చేని గట్టుమీదికి వచ్చి నిలుచుండె నని కావలివాడు చెప్పిన మాట. అది యేల వచ్చుచున్నదో ఆనాడు మాలో నెవ్వరికిని తోచలేదు. తోచియుండినచో మొదటినాడే పిల్లను చాలులో నుంచి వచ్చియుందుము. తల్లి తీసికొని పోయియుండును.

ఒకవేళ బ్రదికి పెరిగినను కథ సుఖముగా ముగియదు. చేత పెరిగిన పోతుజింకకు కొమ్ములు వచ్చిన తరువాత మనుష్యుడన్న భయముండదు. దాని యెత్తునకు మనుష్యుడు తనతో పోటీకి వచ్చిన మఱియొక పోతుగా తోచును. నిన్నటివఱకు మూతి నాకిన జింక నేడు బిడ్డ కడుపులో పొడుచును. అప్పుడు దాని నేమి చేయుదురు? మందలోనికి పోయి బ్రదుకుట దానికి తెలియదు. ఇంట నుంచుట మనకు సాధ్యము కాదు.

ఈ సంగతి మన పూర్వులకు తెలియనిది కాదు. ఒంటిమిట్ట కోదండరాముని సన్నిధిని పోతనామాత్యుని స్మరించు కడప జిల్లావారు భాగవతములోని జడభరతుని కథ నెఱుగుదురు. తెలుగు భాగవతమున ఆ కథ గల పంచమస్కంధమును గంగన రచించెను. రాజ్యమును విడిచి తపస్సునకు పోయిన భరతుడు, సింహగర్జనకు బెదరి ఏటిని దుమికిన నిండుచూలి లేడి ప్రాణములు విడువగా, నీటిలో కొట్టుకొనిపోవుచున్న దాని పిల్లను రక్షించెను. రక్షించుట తప్పు గాదు. దానిని విడువలేకపోవుటయే యతని కడ్డయ్యెను. దానిని మేపుట, కాచుట, కనబడనిచో వెదకుట యను చింతలో మునిగి, తుదకు దానినే తలచుచు మరణించి తానే జింకయై పుట్టెను. ఆపదలో నున్న ప్రాణిని కాపాడవలెను. కాపాడిన తరువాత నది నాదనుకొనరాదు. ఈ కథ రైతునకు చెప్పు నీతి యిదియే యని మా యభిప్రాయము.

పంజరపు చిలుక

భద్రాచల రామదాసు గోలకొండ కోటలో చెఱ ననుభవించినది, పూర్వజన్మమున నొక చిలుకను పంజరమున బంధించిన పాపఫలముగా నని తెలుగునాట ముసలమ్మలందఱును చెప్పుదురు. ఆ కోటలో రామదాసు బందిఖానా యని చూపు చోటిని నేటికిని యాత్రికులు దర్శించుచున్నారు. ఆ కథను కన్నీళ్లతో విని యింటికి వచ్చి, వసారాలో వ్రేలాడు పంజరమునకు జామపండు ముక్క నందించు వారిని మన మెఱుగుదుము. కథ చెవికి చేరినది; చేతికి చేరలేదు.

రామచిలుక మన రాష్ట్రపక్షి. 2018వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ ప్రభుత్వము కృష్ణజింకను రాష్ట్రమృగముగాను, రామచిలుకను రాష్ట్రపక్షిగాను ప్రకటించెను. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము చిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున నుంచుట నేరము. దేశీయపక్షుల వ్యాపారము 1990–91 నాటినుండియే నిషేధింపబడినది. అయినను సంతలలో చిలుకలు దొరకుచునే యున్నవి. పట్నమున నొక పంజరము వ్రేలాడుటకు ముందు పల్లెలో నేమి జరుగునో తెలిసికొనుట మంచిది.

చిలుక తొఱ్ఱలో గ్రుడ్లు పెట్టును. చలికాలము వెడలి ఎండలు ముదురు దినములలో పిల్లలు పెరుగుచుండును. పిల్లలకొఱకు తొఱ్ఱను గొడ్డలితో చీల్చుదురు. తొఱ్ఱ యేర్పడుటకు చెట్టునకు ఎన్నో యేండ్లు పట్టినది. చీల్చుటకు గడియ చాలును. మఱుసటి యేట నందు చిలుకయు, మైనయు, పైరు నాశనము చేయు ఎలుకలను తిను గుడ్లగూబయు గూడ కాపురముండజాలవు. తీసిన పిల్లలను బుట్టలలో క్రుక్కి మోసికొనిపోవునపుడు కొన్ని చచ్చును. మిగిలినవానికి రెక్కలు కత్తిరింతురు. గుంపుతో కలసి దినమునకు కోసుల దూరము తిరుగు పక్షి జానెడు పంజరములో ఇరువదేండ్లు సైతము బ్రదుకగలదు. దానిని బ్రదుకుట యందుమా, శిక్ష యందుమా?

చిలుక జొన్నకంకిని, పొద్దుతిరుగుడు పువ్వును, జామతోటను పాడుచేయునని రైతు చెప్పు మాటలో నసత్యము లేదు. మంచె యెక్కి వడిసెల త్రిప్పి కేకలు వేయుటకు రైతునకు హక్కు కలదు. తోలుట వేఱు, బంధించుట వేఱు. చేనిలో దోషియని తలచిన పక్షిని ఇంట ముచ్చటకు బంధించుటలో పైరునకు కలిగిన లాభమును లేదు.

పుణ్యమునకై పంజరములోని పిట్టలను కొని విడిచిపెట్టు వారును కలరు. వారి యుద్దేశము మంచిదే. కాని వారిచ్చిన సొమ్ముతో అమ్మువాడు మఱునాడు మఱి నాలుగు పిట్టలను పట్టించును. కొనువా డుండుటయే పట్టువానికి బలము. అట్టి పుణ్యమునకు చేయు వ్యయముతో చేనిగట్టున నొక వేపనో, మఱ్ఱినో నాటించి నీరు పోయించిన, చిలుకలకు తరతరముల యిల్లు కట్టించిన ఫలము కలుగును.

చిలుక జోస్యము చెప్పువానిని గూర్చి యొక మాట చెప్పవలసి యున్నది. అతడును పేదవాడే. అతని పంజరమును లాగికొని అతనిని వీధిలో విడుచుట ధర్మము కాదు. మన పల్లెలకు ఎలుగుబంటిని ఆడించుచు వచ్చినవారిని పెద్దలందఱు నెఱుగుదురు. ఎలుగుబంటి ముక్కునకు రంధ్రము చేసి త్రాడు దూర్చి, కోఱలు పెఱికి ఆడించుచుండిరి. దాని వెండ్రుకను తాయెత్తులో కట్టి బిడ్డల మెడలో వేసినవారమును మనమే. ఆ వృత్తి మాన్పించుటకు పూనుకొన్నవారు ఎలుగుబంట్లను విడిపించుటతో నాగక, ఆడించువారికి వేఱు జీవనోపాధియు, వారి బిడ్డలకు చదువును చూపిరి. అందువలననే 2009వ సంవత్సరము నాటికి ఆ యాట దేశమున దాదాపుగా నిలిచిపోయినది. కోఱలు లేని ఆ ఎలుగుబంట్లు మాత్రము మరల అడవికి పోజాలక, ఆగ్రా, బెంగుళూరు చెంతనున్న సంరక్షణాలయములలో శేషజీవితము గడుపవలసి వచ్చెను. చెఱనుండి విడిపించుట సాధ్యమే. చెఱ చేసిన హానిని తుడిచివేయుట సాధ్యము కాదు.

నక్షత్ర తాబేలు

మన మెట్టభూములలో, కంపలలో, తొలకరి పడిన తరువాత కనబడు నక్షత్ర తాబేలు చాల సాధువైన ప్రాణి. నల్లని చిప్పపై పసుపుపచ్చని గీతలు చుక్కలవలె ప్రకాశించును. ఆ యందమే దాని పాలిటి శాపమైనది. ఇంట నుంచుకొన్న లక్ష్మి నిలుచునని యొక నమ్మకము కలదు. నిజముగా తాబేలు లక్ష్మిని తెచ్చునదైన, తరతరములుగా తాబేళ్ల నడుమనే సేద్యము చేయుచున్న రాయలసీమ మెట్టరైతు ఈ పాటికి దేశములోకెల్ల ధనవంతుడై యుండవలెను. మన యప్పుల పద్దులు చూచినవా రెవ్వరును ఆ మాట నమ్మరు.

ఇది గడ్డి, ఆకు, పువ్వు, రాలినపండు తిని బ్రదుకు ప్రాణి. ఇంట నుంచినవారు అన్నమో రొట్టెయో పెట్టుదురు. దానివలన చిప్ప మెత్తబడి, వంకరపోయి, కొన్నినాళ్లకు చచ్చును. ఇది నెమ్మదిగా పెరుగును, కొలది గ్రుడ్లే పెట్టును. కావున నొక గుట్టనుండి పెద్ద తాబేళ్లను నాలుగైదేండ్లు ఏఱుకొనిపోయినచో ఆ గుట్ట ఖాళీ యగును.

ఐశ్వర్యపు నమ్మకముకంటె పెద్ద యాపద వ్యాపారము. దూరదేశములలో దీనిని ముచ్చటకు పెంచువా రున్నారు. వారికొఱకు దళారీలు మెట్టపల్లెలకు వచ్చి, మేకలు కాచు పిల్లలకును, కూలిపని దొరకని పేదలకును కొద్ది సొమ్ము చూపి తాబేళ్లను ఏఱించుదురు. గుడ్డలలో చుట్టి పెట్టెలలో క్రుక్కి పంపించిన తాబేళ్లు చెన్నపట్టణపు విమానాశ్రయమున పలుమాఱులు పట్టుబడినవి. 2019వ సంవత్సరమున జెనీవా నగరమున సమావేశమైన దేశములు ఈ తాబేటి యంతర్జాతీయ వ్యాపారమును పూర్తిగా నిషేధించు పట్టికలో చేర్చినవి. లాభము దూరముననున్న వర్తకునికి. పట్టుబడినపుడు మొదట చిక్కువాడు మన పల్లెవాడు. 2022 నాటి సవరణ ప్రకారము చట్టపు మొదటి పట్టికలోని ప్రాణి విషయమున నేరమునకు 3 మొదలు 7 సంవత్సరములవఱకు చెఱసాలయు, 25,000 రూపాయలకు తక్కువకాని జుల్మానాయు కలదు. కృష్ణజింక యా పట్టికలోనిదే. వాయిదా చెల్లించుటకు వందరూపాయలు దొరకినవని సంతోషించిన కుటుంబము, న్యాయస్థానముల చుట్టు తిరిగి చేనినే అమ్ముకొనవలసి వచ్చును.

బంధించుట ఎప్పుడైనను ధర్మమగునా?

అడవి ప్రాణిని బంధించుట యెల్లప్పుడును తప్పే యని చెప్పుటకు మేము సాహసింపము. ఇందునకు మన జిల్లాలలోనే రెండు దృష్టాంతములు కలవు.

కడప జిల్లా కలివిపొదలలో తిరుగు కలివికోడి యను చిన్నపక్షిని 1848వ సంవత్సరమున జెర్డాన్ దొరగారు లోకమునకు తెలియజేసిరి. 1900 తరువాత నది పండితులెవ్వరి కంటను బడలేదు. ఇక లేదని లోకము నిశ్చయించుకొనెను. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు దాని చిత్రమును చూపుచు పల్లె పల్లె తిరిగి విచారింపగా, 1986వ సంవత్సరము జనవరి మాసమున లంకమల కొండల చెంత స్థానికుడైన యొక పిట్టలకాడు రాత్రివేళ దీపపు వెలుగున దానిని ప్రాణముతో పట్టెను. ఎనుబదియాఱేండ్ల తరువాత దొరకిన యా పక్షి కొలది దినములలోనే చెఱలో చచ్చెను. దానిని కాపాడవలెనని కోరినవారే చుట్టు నుండిరి. దానికి కీడు తలచినవా డొక్కడును లేడు. అయినను అది బ్రదుకలేదు. ఆ పక్షికొఱకు పిదప శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడెను. తెలుగుగంగ కాలువ దారిని సైతము కొంత మార్చిరి. దానికి నిజముగా కావలసినది పంజరము గాదు, కలివిపొద.

రెండవది బట్టమేకపిట్ట. దీనికొఱకు 1988వ సంవత్సరమున రోళ్లపాడునందు 614 హెక్టారుల అభయారణ్య మేర్పడెను. నాడు కంటికి కనబడుచుండిన యా పెద్దపక్షి బీళ్లు తగ్గినకొలది తగ్గి, నేడచ్చట కనబడుటయే మిక్కిలి యరుదైనది. దేశమంతటను కలిపి బయళ్లలో 150కి మించి లేవని తెలిసినవారి యంచనా. ఏటికి తఱచుగా నొక్క గ్రుడ్డే పెట్టును. ఇట్లున్నందున 2019వ సంవత్సరము మొదలు రాజస్థానమున జైసల్మేరు చెంత బయళ్లనుండి గ్రుడ్లు తెచ్చి పొదిగించి పిల్లలను పెంచుచున్నారు. ఇదియు చెఱయే. అయినను దీనిని మేము తప్పుపట్టము. ఏలయన నిది మనుష్యుని ముచ్చటకు గాదు. ఆ జాతి నిలుచుటకు వేఱు దారి లేనందున, వాని సంతతిని మరల బయలునకు పంపవలెనను సంకల్పముతో, ఆ విద్య తెలిసినవారు చేయుచున్న పని.

ఈ రెంటిని ప్రక్కప్రక్కన నుంచి చూచిన మూడు ప్రశ్నలు తేలుచున్నవి. బంధించుట యెవరి మేలుకొఱకు, ప్రాణికా మనకా? ఆ ప్రాణిని పోషించు జ్ఞానము మనకు కలదా? తిరిగి విడువవలెనను సంకల్పము కలదా? గాయపడిన పక్షిని వైద్యునికి చేర్చువఱకు ఒక బుట్టక్రింద నుంచుట ఈ మూడింటికిని నిలుచును. వసారాలోని పంజరము మూడింటిలో నొక్కదానికిని నిలువదు.

“మేత పెట్టుచున్నాము గదా”

“అడవిలో డేగ తన్నుకొనిపోవును, ఎండలో నీరు దొరకదు. మాయింట నీడ కలదు, మేత కలదు. ఇంతకంటె దాని కేమి కావలెను?” అని కొందఱందురు. ఈ ప్రశ్నకు సమాధానము రాయలసీమ రైతు తన గుండెను తానడిగి తెలిసికొనవచ్చును. వాన లేని యేడు మన రైతు బెంగుళూరునకో, గుంటూరునకో వలసపోవును. అచ్చట కూలి దొరకును, తిండి దొరకును. అయినను తొలకరి పడినదని వినగానే మూటకట్టుకొని తన యెఱ్ఱనేలకు తిరిగివచ్చును. ఆ నేల యేటేట నతనికి అన్నము పెట్టునను నమ్మకము లేదు. ఐనను అది తనది. అన్నము పెట్టెదము, తలుపు మాత్రము తీయము అని యెవరైన అతనిని గదిలో నుంచినచో అతడు సమ్మతించునా? చిలుకకును తనదను ఆకాశము కలదు.

రైతు నష్టమును మఱువరాదు

వన్యప్రాణులను ప్రేమింపుడని పట్నములలో కూర్చుండి చెప్పుట సులభము. రాత్రి మూడుజాములు చలిలో మేలుకొని శనగచేను కాచువానికి ఆ మాట రుచింపదు. జింకలమందయు, అడవిపందులును ఒక్కరాత్రిలో చేసిన నష్టము నొక యేటి యప్పుగా మోయువాడు రైతే. ఆ నష్టమునకు పరిహారము సకాలమున దొరకవలెనని కోరుట మన హక్కు. దానికై గట్టిగా అడుగవలెను. అయితే, పైరు తినిన మందపై కోపము చేనిలో పండుకొన్న పిల్లపై చూపుటయు, చేనిలోని పిల్లపై జాలితో దానిని గుంజకు కట్టుటయు రెండును మందను తగ్గింపవు, నష్టమును తీర్పవు. పంట కాపుదల యొక పని, ప్రాణిని చెఱబట్టుట వేఱొక పని. మొదటిది మన ధర్మమే. రెండవదానికి మొదటిది నెపము కారాదు.

మన సంఘము చేయదగిన పనులు

ఒక్కొక్కరు విడివిడిగా చేయుటకంటె సంఘముగా పూనుకొన్న సులభముగా సాగును. సభ్యులు తమ పల్లెలలో ఆలోచించి యీ క్రింది వానిని తీర్మానించుకొందురని ప్రార్థించుచున్నాము.

1. చేనిలో జింకపిల్ల కనబడిన తాకక, అచ్చటికి నాలుగు బారల దూరము కలుపుగాని కోతగాని నాటికి నిలిపి, కుక్కలను రానీయక తొలగిపోవలెను. మఱునాటికి తల్లి దానిని వేఱుచోటికి తీసికొనిపోవచ్చును. కూలీలకు పని మొదలుపెట్టుటకు ముందే ఈ మాట చెప్పవలెను.

2. గాయపడిన ప్రాణి దొరకిన, లేక తల్లి చచ్చినదని నిశ్చయముగా తెలిసిన, ఇంట పెంపక అటవీశాఖ రేంజి కచేరికి వెంటనే తెలుపవలెను. వారు వచ్చువఱకు నీడలో, సద్దు లేనిచోట, మూకను చేరనీయక యుంచవలెను.

3. తొఱ్ఱగల ముసలిచెట్లను, వంకల వెంబడి కలివి, రేగు పొదలను కొంతకొంతయైన నిలిపి యుంచవలెను.

4. తాబేళ్లనో పిట్టలనో కొందుమని వచ్చు దళారీని పల్లెలో నిలువనీయరాదు. సొమ్మునకు ఆశపడు పేదకుటుంబమునకు ఆ నెల యిబ్బంది తీర్చుటకు సంఘమే చిన్న యప్పు నియ్యవలెను. దళారీ నూఱురూపాయలకు బదులుగా సంఘము నూఱురూపాయలు నిలువగలిగిననే మన మాటకు విలువ.

5. పైరునష్టపు అర్జీలను వ్రాయుటకును, నష్టమును చూపించి అధికారులవద్ద సాధించుటకును సంఘపు గుమాస్తా సభ్యులకు తోడ్పడవలెను.

6. ఇదివఱకే ఇంట చిలుకయో, తాబేలో యున్నవారు భయపడి రాత్రికిరాత్రి కంపలో విడువరాదు. రెక్కలు కోసిన చిలుక యెగురలేదు; ఇంట పెరిగిన తాబేలు రోగమును గుట్టలోని వానికి తగిలింపవచ్చును. సంఘపు పెద్దల ద్వారమున అటవీశాఖకు అప్పగించుట మేలు.

ప్రాణులయెడ కరుణ గలిగియుండుట ప్రతి పౌరుని విధియని 1976వ సంవత్సరమున మన రాజ్యాంగమున చేర్చిరి. చట్టము భయపెట్టగలదు, దొడ్డిలోని గుంజను మాత్రము ఎవరికి వారే పీకివేయవలెను.

ఈ సంవత్సరము శనగ విత్తిన తరువాత మీ చేనిలో నొక పిల్ల కనబడవచ్చును. దానిని చూచి బిడ్డలు ఇంటికి తీసికొనిపోవుదమని మారాము చేయుదురు. ఆ బిడ్డను ప్రక్కకు పిలిచి, గట్టుమీద దూరమున తల యెత్తి చూచుచున్న తల్లిని చూపుడు. ఆ తరువాత వారు మారాము చేయరు.